దిష్టి గడి

మరలు ఎనిమిది. నిన్న లెక్కపెట్టినప్పుడూ ఎనిమిదే. కానీ ఎనిమిదీ ఉన్నంత మాత్రాన ఎవరూ విప్పలేదని చెప్పడానికి లేదు. విప్పినవాడికి మళ్ళీ బిగించడం రాదా? అందుకే నిన్న సాయంత్రం తాళం వేసే ముందు తిమ్మరాయప్ప కంప్యూటరు డబ్బా పక్క రేకుకీ చట్రానికీ మధ్య సన్నటి జరీ పోగు ఒకటి అడ్డంగా పెట్టి, రెండు కొసల్నీ మైనంతో అంటించాడు. పోగు తెగలేదు. అలాగే ఉంది. అయినా నిమ్మళం కలగలేదు. మరీ అంత చెక్కుచెదరకుండా ఉండడం కూడా అతనికి నచ్చలేదు.

గది తాళంచెవి అతని దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. మూడేళ్ళుగా లేదు. అది తెలిసే పోగు పెట్టాడు.

బళేపేటలో గాజులంగడి మీద ఉన్న మేడగది అది. పట్టుచీరల అంచులకూ కొంగులకూ బొమ్మలు కట్టి మగ్గాలవాళ్ళకు ఇవ్వడం తిమ్మరాయప్ప పని. గురువు గురప్ప దగ్గర గళ్ళ కాగితం మీద పెన్సిలుతో నేర్చుకున్నాడు. పదహారేళ్ళుగా ఈ డబ్బా ముందే కూర్చుంటున్నాడు. కాగితం మీది గళ్ళే ఇప్పుడు తెర మీద. నిలువున పడుగు, అడ్డంగా పేక. నల్ల గడి పడిన చోట జరీ పైకి తేలుతుంది. అలాంటి అంచులు రెండు వేలకు పైగా ఉన్నాయి లోపల.

పదిహేను రోజులుగా డబ్బా పని మధ్యలో టక్కున ఆగిపోతోంది. పక్కనే ఎస్పీ రోడ్డులో మూడు కంప్యూటరు అంగళ్ళవాళ్ళు మూడుసార్లూ ఒకే మాట చెప్పారు. మదర్‌బోర్డు పోయింది, వేరేది వేసి విండోస్ కొత్తగా ఎక్కించి ఒక్కపూటలో ఇచ్చేస్తాం. వాళ్ళకు ఒక్కపూట. కొత్తగా ఎక్కిస్తే, అంచులు కట్టే సాఫ్ట్‌వేర్ పోతుంది. దాన్ని అమ్మిన కంపెనీ మూతపడి ఎనిమిదేళ్ళు. మళ్ళీ ఎక్కించడానికి కావాల్సిన నంబరు ఇచ్చే మనిషి లేడు. అది లేకపోతే ఆ రెండు వేల ఫైళ్ళనూ తెరవగలిగేది ఇంకొకటి లేదు. లోపల ఉన్నదంతా ఉన్నట్టే ఉంచి బోర్డు ఒక్కటీ మార్చాలి. చేస్తానన్నవాడు ఒక్కడే దొరికాడు. అదే అనుమానంగా ఉంది. ముగ్గురు కాదన్నదాన్ని ఒకడు అవునంటే, వాడికి పని తెలిసి అంటాడా, ఇంకేదైనా తెలిసి అంటాడా?

మెట్ల మీద అడుగులు. వాటి వెనకే కింద అంగడి భాగీరథమ్మ గొంతు.

"తిమ్మరాయప్పా! ఈయప్ప సంచి తెచ్చి నా గాజుల పెట్టెల మీద పెడతాండాడు. నువ్వే పెట్టమన్నావంట?"

"పెట్టనీ అక్కా. పైకి తేకూడదు."

"ఏం, బాంబు ఉండాదా దాంట్లో?"

లోపలికి వచ్చిన మనిషికి ముప్పై రెండు, ముప్పై మూడు ఉంటాయి. ఒక చేతిలో స్క్రూడ్రైవర్ల డబ్బా, ఇంకో చేతిలో అట్టపెట్టెలో బోర్డు. పేరు బెన్నీ. కాడుగోడిలో స్టేషన్ పక్కన రిపేరు షాపు ఉంది. భాగీరథమ్మ తమ్ముడి ఆఫీసులో కంప్యూటర్లు చూసేది ఇతనే.

"సార్, మీరు ఎస్పీ రోడ్డులో ఉమ్మేస్తే పడేంత దూరంలో ఉండి నన్ను కాడుగోడి నుంచి రప్పించారేంటండీ? మెట్రోలో గంటపైన పట్టింది."

దగ్గర ఉండేవాళ్ళకే కదా నా పని ఏమిటో తెలిసేది అనుకున్నాడు తిమ్మరాయప్ప. పైకి, "వాళ్ళకు తీరిక లేదప్పా," అన్నాడు. "ఫోను ఆ సొరుగులో పెట్టు."

బెన్నీ అతని ముఖం వంక చూశాడు. తమాషాకి అనలేదని తెలిసి, ఫోను సొరుగులో పెట్టాడు. తిమ్మరాయప్ప సొరుగు మూసి తాళం తిప్పాడు.

"ఏ ఊరు మీది?"

"చీరాల అండీ."

తిమ్మరాయప్ప చెయ్యి తాళంచెవి మీదే ఆగింది. "చీరాలలో మగ్గాలు ఎక్కువ కదా."

"మా వీధి చివరంతా అవేనండీ. చిన్నప్పుడు ఆ చప్పుడులోనే చదువుకున్నా. అందుకే పదో తరగతి తప్పా." నవ్వాడు. తిమ్మరాయప్ప నవ్వలేదు.

డబ్బా తెరవకముందే మొదటి తగాదా వచ్చింది. ముందు డిస్కు మొత్తానికి కాపీ తీయాలన్నాడు బెన్నీ.

"కాపీ లేదు."

"లేకపోతే ఎలాగండీ? రేపు కొత్త బోర్డు మీద లేవకపోతే వెనక్కి రావడానికి దారి ఉండాలి."

"కాపీ అంటే నా బొమ్మలన్నీ ఇంకో డిస్కులోకి పోతాయి. అవునా కాదా?"

"అవునండీ. కాపీ అంటే అదే."

"అదే వద్దంటాండా."

బెన్నీ స్క్రూడ్రైవర్ల డబ్బా మూత పెట్టేశాడు. కోపంగా కాదు, నెమ్మదిగా. "అయితే నేను ముట్టుకోనండీ. కాపీ లేకుండా నేను ఎవరి డబ్బాకీ ఒక్క మర కూడా విప్పను. మీ మంచికోసమే అనుకోకండి, నా మంచికి కూడా. రేపు దాంట్లో ఏదన్నా కనపడకపోతే బెన్నీ పోగొట్టాడంటారు. పోగొట్టలేదని చూపించుకోడానికి నా దగ్గర ఏముంటది?"

తిమ్మరాయప్పకు ఈ మాట ఇంతకుముందు ఈ గదిలోనే విన్నట్టు తోచింది. ఇవే మాటలు కాదు, కానీ ఆ చివరి ప్రశ్న. అది ఎవరి గొంతులో విన్నాడో గుర్తు రాకముందే మనసు పక్కకు తప్పుకుంది.

చివరికి ఒప్పందం కుదిరింది. కాపీ తీసే డిస్కు తిమ్మరాయప్పే కొనుక్కొస్తాడు. కాపీ తీసినంతసేపూ పక్కనే కూర్చుంటాడు. అయిపోగానే అది అతని బీరువాలోకి పోతుంది. డిస్కు కొనడానికి వెళ్ళాలంటే ఈ మనిషిని గదిలో ఒంటరిగా వదలాలి. వదలలేదు. గదికి తాళం వేసి బెన్నీని కింద గాజులంగట్లో కూర్చోబెట్టి వెళ్ళాడు. అరగంటకు తిరిగి వచ్చేసరికి బెన్నీ స్టూలు మీద కూర్చుని భాగీరథమ్మకు గాజుల డజన్లు దారం కట్టి ఇస్తున్నాడు.

"ఇంత మంచి చేయి, నువ్వు దీన్ని సొరుగులో పెట్టి తాళం వేయలేదే," అంది భాగీరథమ్మ. "నీ దగ్గర పనిచేసిన ఆ పిల్ల చేయి కూడా ఇట్లే ఉండె. పాపం, అది ఇప్పుడు కాడుగోడిలో మందులంగట్లో బిల్లులు కొడతాండాది, తెలుసునా? పేటలో ఒక్కడన్నా పని ఇయ్యలా."

"అక్కా, ఆ మాట యాల ఇప్పుడు?"

"సుమ్నే, ఊరికే చెప్పినా," అని ఆమె గాజులవైపు తిరిగింది.

కాపీ తీయడానికి నాలుగు గంటలు పట్టింది. దానికి ముందు, చేస్తున్న అంచును ఉన్నంతవరకు సేవ్ చెయ్యమన్నాడు బెన్నీ. మాగడి రోడ్డు మగ్గాల మునిరాజుకు శుక్రవారానికల్లా ఇవ్వాల్సిన అంచు అది. తిమ్మరాయప్ప బెన్నీకి వీపు అడ్డం పెట్టి, తెర కనపడకుండా సేవ్ చేశాడు. తర్వాత తెర మీద ఆకుపచ్చ పట్టీ ఎడమ నుంచి కుడికి సన్నగా పాకుతూ ఉంటే దాని ముందే కూర్చున్నాడు. బెన్నీ కిటికీ దగ్గర నిలబడి వీధిలోకి చూస్తున్నాడు. అతని మణికట్టుకు నీలం రబ్బరు పట్టీ, దాని మీద సిలువ గుర్తు, ఏదో యువజన కూడిక పేరు. ఆ పిల్ల కూడా చర్చికి పోయేదే. కాడుగోడి. మందులంగడి కాడుగోడి. ఇతని షాపు కాడుగోడి. రెండు చుక్కల్ని కలిపితే గీత అవుతుంది. తిమ్మరాయప్ప జీవితమంతా చేసిన పని అదే.

పట్టీ కుడి అంచును తాకగానే డిస్కు ఊడదీయించి, గుడ్డలో చుట్టి, బీరువాలో పెట్టి తాళం వేశాడు. బెన్నీ చేతులు దులుపుకున్నాడు.

"ఇప్పుడు ఫోను ఇస్తారా సార్? మా ఆవిడ పోలీసులకి చెప్పేలోపు."

*

బుధవారం ఉదయం పదికి బెన్నీ వచ్చేసరికి జరీ పోగు మళ్ళీ ఉంది. ఈసారి బెన్నీ కంట పడింది. వంగి చూసి, ఏమీ అనకుండా, గోటితో మైనం ఊడదీసి, పోగును తిమ్మరాయప్ప అరచేతిలో పెట్టాడు.

పని మొదలైంది. తిమ్మరాయప్ప పక్కనే స్టూలు వేసుకుని, మోకాళ్ళు డబ్బాకు ఆనేంత దగ్గరగా కూర్చున్నాడు. బెన్నీ డబ్బా విప్పకుండానే మొదట తెర మీద ఏవో జాబితాలు తెరిచి ఒక్కొక్కటీ తీసేస్తున్నాడు.

"ఏం తీస్తాండావు?"

"డ్రైవర్లండీ. ఈ డబ్బా ఇన్నేళ్ళూ ఈ బోర్డుతోనే బతికింది కదా, దీని గుర్తులే పెట్టుకుని ఉంది. అవి ముందే తీసెయ్యాలి. లేదంటే రేపు కొత్త బోర్డు మీద లేచి, పాతదాని కోసం వెతుక్కుని, దొరక్క కూలబడిపోద్ది."

"తీసేసినవి మళ్ళీ కావాలంటే?"

"కాపీ ఉంది కదండీ. మీ బీరువాలో."

తర్వాత కరెంటు తీసి మరలు విప్పాడు. ఎనిమిదీ ఒక మూతలో వేశాడు. తిమ్మరాయప్ప ఆ మూతను తన ఒళ్ళోకి తీసుకున్నాడు. బెన్నీ ఒక్కో తీగ ఊడదీసే ముందు దానికి కాగితపు ముక్క అంటించి నంబరు వేశాడు. చేతులు తొందరపడలేదు. బోర్డును రెండు చేతులా అంచులు పట్టుకుని ఎత్తి కిటికీ వెలుతురుకు పెట్టాడు. అక్కడక్కడా చిన్న గొట్టాల తలలు పొంగి ఉన్నాయి.

"ఇవిగోండి. కెపాసిటర్లు ఉబ్బిపోయాయి. అందుకే ఆగిపోతోంది. మీ అదృష్టం, ఇన్నాళ్ళు లాగింది." తర్వాత బోర్డు మూలన ఉన్న గుండ్రటి సెల్‌ను చిన్న స్క్రూడ్రైవరుతో పైకి లేపాడు. మీటరు ముల్లులు ఆనించి చూసి నాలుక చప్పరించాడు. "ఇది సగం చచ్చి ఏళ్ళయి ఉంటదండీ. దీంట్లో టైము ఎలా ఉండేది?"

"వెనకబడేది," అన్నాడు తిమ్మరాయప్ప.

"పడదా మరి! డబ్బాకి కరెంటు తీసేస్తే గడియారం నడిపేది ఈ సెల్లే. మీరు రోజూ స్విచ్చి గోడ దగ్గరే తీసేస్తారా?"

"తీసేస్తా."

"అయితే రాత్రంతా నిలబడి, పొద్దున మీరు వచ్చాక మళ్ళీ నడుస్తది. నెట్ పెట్టి ఉంటే అదే సరిచేసుకునేది."

"నెట్ వద్దు. నెట్‌లోంచే పోతాయి అన్నీ."

బెన్నీ తలూపాడు. ఆ తలూపులో ఏముందో తిమ్మరాయప్పకు తెలియలేదు. సెల్‌ను బల్ల మీద పెట్టాడు బెన్నీ. అది కాస్త దొర్లి, నోటుబుక్కుల కట్టకు తగిలి ఆగింది. గడియారం సంగతి తిమ్మరాయప్పకు కొత్త కాదు. తేదీ మరీ తప్పుగా కనపడినప్పుడు గోడ క్యాలెండరు చూసి దిద్దేవాడు. అంతకుముందు ఆ పని ఆ పిల్ల చేసేది. ఒకరోజు ఆమె అన్నది కూడా గుర్తుంది: "సార్, సెల్ మార్చాలి, డబ్బా ఒకసారి విప్పనా?" విప్పడం ఎందుకు, లోపల నీకేం పని అని అడిగాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

కొత్త బోర్డు నిజానికి కొత్తది కాదు. పాత విండోస్‌కు సరిపడే బోర్డులు ఇప్పుడు రావు కాబట్టి, పాతదాని తర్వాతి తరందాన్ని వెతికి తెచ్చాడు బెన్నీ. దాన్ని కూర్చోబెట్టి, తీగలు నంబర్ల ప్రకారం తగిలించి, కొత్త సెల్ వేశాడు. తర్వాత బీరువా వంక చూపించాడు.

"కాపీ డిస్కు ఇవ్వండి."

"అసలుది పెట్టవా?"

"అసలుది ఆఖర్నండీ. ముందు కాపీ మీద దెబ్బలు తగలనివ్వండి."

మొదటిసారి తెర నీలంగా మెరిసి ఆరిపోయింది. తిమ్మరాయప్ప మోకాళ్ళ మధ్య మరల మూత గలగలలాడింది. బెన్నీ విసుక్కోలేదు, బోర్డు సెట్టింగుల్లోకి వెళ్ళి, డిస్కును చదివే పద్ధతి పాత బోర్డులో ఎలా ఉండేదో అలాగే మార్చాడు. రెండోసారి డబ్బా లేచింది. మూలన వరసగా చీటీలు వచ్చాయి, కొత్త పరికరం దొరికింది, కొత్త పరికరం దొరికింది అంటూ. మూడుసార్లు ఆపి లేపాక, తిమ్మరాయప్పకు పదహారేళ్ళుగా తెలిసిన తెర వచ్చింది. అదే నేపథ్యం, అదే మూలన అవే ఫోల్డర్లు. అతను స్టూలు ఇంకాస్త ముందుకు జరుపుకున్నాడు.

"మీ సాఫ్ట్‌వేర్ తెరవండి సార్."

తెరిచాడు. చిన్న పెట్టె ఒకటి వచ్చింది. లైసెన్సు దొరకలేదు. మళ్ళీ నొక్కాడు. అదే పెట్టె.

"ఏం చేసినావు?" గొంతు తనదిలా అనిపించలేదు.

"కంగారు పడకండి. నేను అనుకున్నదే. అది బోర్డుని కాదు, డిస్కు నంబరు చూస్తున్నట్టుంది. కాపీ డిస్కు నంబరు వేరు కదా. అసలుది పెడితే తెరుచుకుంటది."

"అయితే పెట్టు!"

"ఈరోజు వద్దండీ." బెన్నీ గోడ గడియారం చూశాడు. "డ్రైవర్లు ఇంకా రెండు వెతకాలి. నాలుగయింది, నాకు సాయంత్రం ప్రార్థన కూటం ఉంది. తొందరలో అసలుదాన్ని ముట్టుకోను. రేపు పొద్దున పెడదాం."

పని సగంలో ఆపి పోతున్నాడు. ఎక్కడికి? కాడుగోడికి. కూటానికి. తిమ్మరాయప్ప రెండు డిస్కులూ బీరువాలో పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని, సొరుగులోంచి ఫోను తీసి ఇస్తూ వదిలేయాల్సిన మాటను వదలలేకపోయాడు.

"మీ చర్చి ఎక్కడ?"

"ఎందుకండీ, వస్తారా?"

"కాదప్పా. మీ దాంట్లో జ్యోత్స్న అని ఎవరైనా ఉండారా?"

"నలుగురున్నారండీ. ఒకావిడ క్వయర్‌లో పాడద్ది, ఇద్దరు నర్సులు, ఒకమ్మాయి మా షాపు పక్క బేకరీలో ఉంటది. మీకు ఏ జ్యోత్స్న కావాలి?"

నలుగురిలో మందులంగడి లేదు. లేదా చెప్పలేదు. "ఎవరూ వద్దు," అన్నాడు తిమ్మరాయప్ప.

బెన్నీ గుమ్మం దగ్గర ఆగాడు. "సార్, ఒకటి చెప్పనా? నేను రెండు రోజులుగా మీ దగ్గర దొంగలా కూర్చున్నా. దొంగతనం చెయ్యకుండానే. బయట సంచి, సొరుగులో ఫోను, డబ్బాకి దారం. నవ్వుకున్నా గానీ, నిన్న ఇంటికెళ్ళాక అన్నం సయించలేదు. నేను రేపటితో వెళ్ళిపోతా, నాకు పర్లేదు. కానీ రోజూ మీ దగ్గర పనిచేసేవాళ్ళు ఎలా ఉంటారండీ?"

"నా దగ్గర ఎవరూ పని చెయ్యరు," అన్నాడు తిమ్మరాయప్ప.

*

గురువారం అసలు డిస్కు పెట్టారు. డబ్బా లేచింది. మూలన చీటీలు, మూడు పునఃప్రారంభాలు, అదే తెర. తిమ్మరాయప్ప సాఫ్ట్‌వేర్ మీద రెండుసార్లు నొక్కి కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి తెరంతా గళ్ళు. మునిరాజు అంచు, వదిలిన చోటే, సగం వరకు నల్ల గళ్ళతో.

తెర మీద వేలు ఆనించి, చివరి వరుసలోని నల్ల గళ్ళు లెక్కపెట్టాడు.

"అన్నీ ఉన్నాయా చూసుకోండి," అన్నాడు బెన్నీ. "నేను గడియారం సరి చేస్తా. ఇక ఇది వెనకపడదు." కుడి మూలన తేదీ దిద్ది, ఫైళ్ళ జాబితా తెరిచి ఒక్కసారి నవ్వాడు. "చూశారా? మొన్న మంగళవారం నా ఎదురుగానే సేవ్ చేశారు కదా ఈ అంచు? మీ వీపు అడ్డం పెట్టుకుని. తేదీ చూడండి. పన్నెండు రోజుల ముందుది వేసింది. నేను అసలు ఈ గది మొహం చూడకముందు! ఇలాగైతే మీ ఫైళ్ళ తేదీల్లో సగం తప్పే అయి ఉంటాయండీ. తేదీలతో మీకు పనేం ఉంటదిలే."

తిమ్మరాయప్ప ఆ తేదీని చూశాడు. బెన్నీ తీగలు కట్టగట్టి ముడి వేస్తున్నాడు.

అతని చెయ్యి దానంతట అదే జాబితాను కిందికి జరిపింది. ఎక్కడ ఆపాలో చేతికి తెలుసు. జంట వంకీ అంచు. చివరిసారి మార్చినది: ఆదివారం, 13 మార్చి 2022.

ఆ ఆదివారం అతను హిందూపురంలో పెళ్ళిలో ఉన్నాడు. గది తాళంచెవి జ్యోత్స్న దగ్గర ఉంది. రెండు నెలల తర్వాత అదే జంట వంకీ చిక్‌పేటలో ఒక షోరూము అద్దంలో ఇంకెవరో నేయించిన చీర మీద కనపడింది. లోపలికి వెళ్ళి, భూతద్దం పెట్టి పోగులు లెక్కపెట్టాడు. దిష్టి గడి దొరికింది. అంచు ఎంత బాగా కుదిరినా ఒక్క గడి కావాలనే తప్పు వెయ్యాలని గురప్ప నేర్పాడు. చూసేవాళ్ళ దిష్టి అక్కడ పోతుంది, దొంగ దొరికితే అదే సాక్షి అవుతుంది. అది ఎక్కడ ఉందో వేసినవాడికి తప్ప తెలియకూడదు. అందుకే జ్యోత్స్న అంచంతా కట్టినా, ఆమె వెళ్ళిపోయాక అతనొక్కడే కూర్చుని ఆ ఒక్క గడీ మార్చి, సేవ్ చేసి, నోటుబుక్కులో రాసుకునేవాడు.

ఆ సాయంత్రం ఆమెను ఈ స్టూలు మీదే కూర్చోబెట్టి తేదీ చూపించాడు. "ఆదివారం నేను చర్చిలో ఉన్నాను సార్," అంది. "ఎవర్నైనా అడగండి." అడగలేదు. "కంప్యూటరుకు అబద్ధం చెప్పాల్సిన పని ఏముండాది?" అన్నాడు. ఆమె తాళంచెవి బల్ల మీద పెట్టింది. "నేను రాలేదని నేనెలా చూపించాలి సార్?" అని అడిగింది. మంగళవారం బెన్నీ స్క్రూడ్రైవర్ల డబ్బా మూత పెట్టినప్పుడు విన్న గొంతు ఇదే.

బల్ల మీద నోటుబుక్కుల కట్ట ఉంది. దానికి ఆనుకుని, నిన్న దొర్లి ఆగిన సెల్. దాన్ని పక్కకు జరిపి, 2022 పుస్తకం లాగాడు. మార్చి. తన చేతి రాత, పెన్సిలు. జంట వంకీ. 214వ వరుస, 37వ గడి. 16-3, బుధవారం.

బుధవారం.

తెర వంక చూశాడు. పుస్తకం వంక చూశాడు. పదహారున తను గడి మార్చి సేవ్ చేశాడు. డబ్బా గడియారం సరిగ్గా ఉంటే, చివరిసారి మార్చిన తేదీ పదహారు ఉండాలి, లేదా ఆ తర్వాతది. పదమూడు ఎలా ఉంటుంది? పదమూడున ముగిసిపోయిన అంచులోకి పదహారున దిష్టి గడి ఎలా వచ్చింది? గడియారం మూడు రోజులు వెనక నడుస్తోంది, అంతే. ఆ ఆదివారం ఎవరూ రాలేదు. ఆ ఆదివారం అసలు ఆదివారమే కాదు. చివరిసారి ఆ ఫైలును ముట్టుకున్నది తనే.

ఇంకా ఏదో పట్టుకోవాలని మనసు తడుముకుంది. చీర మీది దిష్టి గడి? అది చీరను చూసి నకలు కట్టినా వస్తుంది. ఇరవై రెండేళ్ళ వయసులో గురప్ప పక్కన కూర్చుని కంచి చీర ఒకటి భూతద్దం కింద పోగు పోగూ లెక్కపెట్టి కాగితం మీదికి ఎత్తింది అతనే. ఆ చీరలోని తప్పులు కూడా తప్పులని తెలియకుండా ఎత్తాడు. గురప్ప చూసి పగలబడి నవ్వాడు. అది తెలిసి కూడా, ఆరోజు గుర్తు రాలేదు. గుర్తు రాలేదా, రానివ్వలేదా?

పుస్తకం అప్పుడూ ఈ బల్ల మీదే ఉంది. చెయ్యి చాస్తే అందేంత దూరంలో. తేదీ తెర మీద దొరికింది కాబట్టి ఇక పుస్తకం తియ్యలేదు. కావాల్సింది దొరికాక ఇంకా వెతికేవాడు ఎవడు?

"సార్?" బెన్నీ మరలు బిగిస్తున్నాడు. "ఆ మూత ఇటివ్వండి. ఇంకా మూడున్నాయి దాంట్లో."

ఇచ్చాడు. బెన్నీ బిగించి, చేత్తో రేకు తట్టి లేచాడు. "ఈ కాపీ డిస్కు జాగ్రత్తగా పెట్టుకోండి. చెరిపెయ్యకండి. పాత బోర్డు నేను తీసుకెళ్ళనా?"

"బోర్డు తీసుకుపో. సెల్ వద్దు."

"చచ్చిన సెల్ ఎందుకండీ?"

"ఉండనీ."

బెన్నీ భుజాలెగరేశాడు. తిమ్మరాయప్ప సొరుగు తెరిచి అతని ఫోను ఇచ్చాడు. ఏదో చెప్పాలని నోరు తెరిచి, "చీరాలలో పదో తరగతి మళ్ళీ రాసినావా?" అని అడిగాడు.

"రాశానండీ. పాసయ్యా. మగ్గాలు సమ్మెలో ఉన్నాయి ఆ నెల," అని నవ్వి మెట్లు దిగాడు. కింద భాగీరథమ్మ అతని సంచి అందిస్తూ ఏదో అనడం, ఇద్దరూ నవ్వడం వినిపించింది.

తిమ్మరాయప్ప తన ఫోను చేతిలోకి తీసుకున్నాడు. జ్యోత్స్న నంబరు ఇంకా ఉంది. చెరిపెయ్యలేదు, ఎప్పుడైనా ఆమె ఫోను చేస్తే తెలుస్తుందని పెట్టుకున్నాడు. బొటనవేలు ఆ పేరు మీద నిలిచింది. ఆమెకు చెప్పడం తేలికే అనిపించింది. ఆమె ఏడుస్తుందేమో, తిడుతుందేమో, ఫోను పెట్టేస్తుందేమో. ఏదైనా ఇద్దరి మధ్యే ఉంటుంది. ఉండి ఉండి ఒకటి తట్టింది. ఆమెకు కొత్తగా చెప్పేది ఏముంది? ఆ అంచు తను తీయలేదని ఆమెకు మూడేళ్ళుగా తెలుసు. ఆమెకు క్షమాపణ చెప్పవచ్చు, చెప్పాలి కూడా. కానీ తెలియాల్సింది ఆమెకు కాదు.

మూడేళ్ళ కింద ఈ గదిలోంచే, ఈ ఫోనులోంచే మగ్గాలవాళ్ళకు మూడు కాల్స్ చేశాడు. చెయ్యి మంచిదే, బుద్ధి మంచిది కాదు అన్నాడు. పెద్దగా ఏమీ అనలేదు. పేటలో అంతకంటే అనాల్సిన అవసరం ఉండదు.

పేర్లు పైకి జరిపాడు. మునిరాజు.

మూడు రింగులకే ఎత్తాడు. వెనక మగ్గాల మోత, మాట మింగేసేంత.

"ఏమప్పా తిమ్మరాయా! డబ్బా లేచెనా? అంచు రేపటికి వస్తాదా, నన్ను అంగట్లో నిలబెడతావా?"

"లేచింది. అంచు వస్తాది. అంచు గురించి కాదు. స్వల్పసేపు మగ్గాలు నిలుపు."

"ఏమి?"

"మగ్గాలు నిలుపప్పా. అందరివీ."

"పదకొండు మగ్గాలు నడుస్తాండాయి, నిలపాలంటే... ఎవరన్నా పోయినారా ఏం?"

"లేదు. నేను చెప్పేది వినపడాల. నీకొక్కనికే కాదు, నీ దగ్గర ఉండేవాళ్ళందరికీ."

అటువైపు మునిరాజు ఎవరినో కేకేశాడు. మోత ఒక్కొక్కటిగా తగ్గింది. చివరి మగ్గం రెండు దెబ్బలు ఎక్కువ వేసి ఆగింది. నిశ్శబ్దంలో ఎవరో దగ్గడం వినపడింది.

తిమ్మరాయప్ప కళ్ళద్దాలు తీసి తెరిచి ఉన్న పుస్తకం మీద పెట్టాడు.

"జంట వంకీ," అన్నాడు. "అది జ్యోత్స్న తీయలా. నేనే తప్పు చూసినా."